పన్నెండో కణుపు

నలభై ఒకటో మెట్టు దగ్గర ఆయన ఆగి గోడను చూశాడు.

రోజూ అక్కడే ఆగుతాడు. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో, సున్నం పెచ్చులూడిన చోట, అరచెయ్యంత మరక ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, టిఫిన్ డబ్బా సంచీ రెండో చేతికి తగిలించుకుని, నోరు కొంచెం తెరిచి, దాన్ని పరీక్షగా చూస్తాడు. నిన్నటిదాకా అది ముక్కు పొడుగు ముసలావిడ. వానకి చెమ్మ పెరిగి ఇవాళ గొడుగు పట్టుకున్న ఒంటె అయింది.

"ఏమంటోందండీ గోడ?" అంటూ ఎవరో రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి పోయారు.

ఆయన ముందు ఒక గుక్క గాలి పీల్చుకున్నాడు. తర్వాత, "ఒంటె వచ్చింది," అన్నాడు. అప్పటికి అడిగినవాళ్లు నాలుగో అంతస్తులో ఉన్నారు.

లిఫ్టు లేదా అని మీరు అడుగుతారు. ఉంది, నిక్షేపంలా ఉంది. లిఫ్టులో చూడ్డానికి ఏముంటుందని ఆయన ఎదురు అడుగుతాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టీ కాదు, పొడుగూ కాదు. కళ్లజోడు కుడి కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది. నీలం చొక్కాలు ఒకేలాంటివి ఐదున్నాయి కాబట్టి, ఆరేళ్లుగా ఒక్కటే చొక్కా తొడుగుతున్నాడని ఆఫీసులో పుకారు. వరండాలో ఆయన ఎదురొచ్చి దాటిపోయాక, ఇటెవరైనా వచ్చారా అని అడిగితే, ఎవరూ రాలేదని తడుముకోకుండా చెప్పేస్తారు.

ఆ నాలుగో అంతస్తులో వెబ్‌సైట్లు తయారుచేస్తారు. లైబ్రరీలకి, ఆసుపత్రులకి, బస్సుల వేళలు చెప్పేవాళ్లకి, పూలకుండీలు అమ్ముకునేవాళ్లకి. అందులో వింతేం లేదు, వీధికొకరు చేస్తున్నారు. వింత ఏంటంటే, వీళ్లు రాసిందంతా బయటికి తెరిచి పెట్టేస్తారు. వంటిల్లు వీధిలోకి పెట్టుకుని వండేవాళ్ల లాగన్నమాట. దారిన పోయేవాళ్లు ఆగి ఉప్పెక్కువైందని చెప్పొచ్చు, వండే పద్ధతి రాసుకుపోవచ్చు, మరీ చెయ్యి దురదపెడితే లోపలికొచ్చి గరిటె కూడా తిప్పొచ్చు. అలా బయటివాళ్లు చెప్పే తప్పును వాళ్లు టికెట్టు అంటారు. బస్సూ ఉండదు, సినిమా ఉండదు, టికెట్టు మాత్రం ఉంటుంది. దానికి ఒక నంబరు. తప్పు దిద్దాక ఎవరు చెప్పారో వాళ్లే విని, చూసి, "సరే" అంటేనే టికెట్టు మూతపడుతుంది. తెరిచినవాళ్లే ముయ్యాలి. అది ఆ ఆఫీసు కట్టుబాటు. పెట్టినవాడు కూడా దాన్ని తప్పలేక తర్వాత చాలా బాధపడ్డాడంటారు.

ఆయన పని బొమ్మలు చెప్పడం.

వెబ్ పేజీలో బొమ్మ ఉంటుంది కదా. చూపున్నవాళ్లు చూస్తారు. చూపు లేనివాళ్ల కంప్యూటర్లో ఒక గొంతు ఉంటుంది, అది పేజీని పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. బొమ్మ దగ్గరికి రాగానే పాపం దానికేం తెలుస్తుంది, నోరు మూసుకుంటుంది. అందుకని బొమ్మ వెనకాల, కంటికి కనపడకుండా, ఒకటి రెండు వాక్యాలు రాసి పెడతారు. గొంతు వాటిని చదువుతుంది. అవి రాసేది ఈయన. పదకొండేళ్లలో నలభై వేల బొమ్మలు చెప్పాడు. మౌసును సొరుగులో పడుకోబెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, ఒక్క కీబోర్డు మీదే పేజీలన్నీ నడుస్తాడు, చూపు లేనివాళ్లు నడిచినట్టే.

ఆఫీసులో ఆయన్ని మొదట బొమ్మ చెప్పే ఆయన అన్నారు, తర్వాత చెప్పే ఆయన, చివరికి చెప్పాయన. అది విని, ఆరేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన రోజునే ఒకమ్మాయి తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"చెప్పులాయన మీరేనటగా. ఆఫీసులోనే పెట్టుకున్నారంటే ఎంత మంచి కంపెనీయో," అంది.

ఆయన చెప్పు అందుకుని తిప్పి చూశాడు. "ఎడమ కాలిది. బొటనవేలి పట్టా తెగింది. మడమ బయటివైపు అరిగింది. యజమానురాలు ఎప్పుడూ తొందరలో ఉంటుంది," అని చెప్పి, స్టాప్లర్‌తో మూడు పిన్నులు కొట్టి ఇచ్చాడు. ఆ పట్టా సాయంత్రందాకా కూడా నిలబడలేదు. కానీ ఆ పిల్ల ఆయనకి స్నేహితురాలైపోయింది. డిజైనరు. ప్రతిదాన్నీ ఒక వెంట్రుకవాసి ఎడమకి జరపమంటుంది కాబట్టి ఆమెకు మిల్లీమీటరు అని పేరు పడింది.

ఆయన చెప్పే తీరు మీద కథలు చాలా ఉన్నాయి. కోసిన నిమ్మకాయ బొమ్మను చెబితే, విన్నవాళ్ల నోళ్లలో నీళ్లూరి పది కీబోర్డులు పాడయ్యాయని ఒకటి. తెరిచిన తలుపు బొమ్మను చెబితే, గాలి తగులుతోంది వెయ్యమని ఎవరో ఉత్తరం రాశారని ఒకటి. నేను కీబోర్డులు లెక్కపెట్టలేదు, ఉత్తరం మాత్రం నిజమే.

ఆ ఉత్తరం రాసినావిడ పేరు ఎవరికీ తెలియదు. టికెట్ల మీద "కిటికీ పక్క సీటు" అని పెట్టుకుంటుంది. చూపు లేదు. బస్సెక్కితే కిటికీ పక్కనే కూర్చుంటుందట, ఎవరైనా ఎందుకమ్మా నీకని అడిగితే, గాలి మీకూ నాకూ ఒకటే కదా అంటుందట. ఇంతవరకే తెలుసు. ఎన్నేళ్లావిడ, ఏ ఊరు, ఏ పని, ఏదీ తెలియదు. ఆమె గొంతు ఎలా ఉంటుందోనని ఆయనకు ఒక చిన్న ఆరాటం. టికెట్టు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ గొంతు దాన్ని చదివే పద్ధతి మార్చి మార్చి వినేవాడు. ఆమె ఆయన్ని అన్నగారూ అనేది, ఆయన ఆమెను కిటికీ గారూ అనేవాడు.

ఆమె తెరిచిన టికెట్టు ఒకటి ఆరేళ్లుగా మూతపడలేదు. నంబరు నాలుగు వందల పన్నెండు. దాని మీద ఒక్కటే ప్రశ్న: "పన్నెండో మనిషి ఎవరు?"

సంగతి చిన్నదే. కంపెనీ సొంత వెబ్‌సైటులో ఒక గ్రూపు ఫొటో ఉంది. కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి, పది అంకెలు లెక్కపెట్టుకునేలా తిప్పి, అందరూ ఆఫీసు ముందు మెట్ల మీద నిలబడి తీయించుకున్నది. కింద "మా పన్నెండుగురం" అని రాసి ఉంది. దాని వెనక ఆయన రాసిన వర్ణన ఇలా మొదలవుతుంది: పదకొండు మంది మెట్ల మీద నిలబడి ఉన్నారు. మొదటి మెట్టు మీద ఎడమ చివర ఒకమ్మాయి తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద ఉంది. ఆమె పక్కన ఒక కుర్రవాడు ఆవలిస్తూ దొరికిపోయాడు. అలా అందరికీ తలా ఒక వాక్యం. పదకొండు మందికి పదకొండు.

కింద పన్నెండు, పైన పదకొండు. చూపున్నవాళ్లు ఎవరూ అంకెలు పోల్చలేదు. ఆమె పోల్చింది.

ఆయన వెంటనే, "కుడి చివర మరొకరు," అని చేర్చి పంపాడు. "అన్నగారూ, ఇంతమందికి ఇన్ని మాటలు రాసి ఈయనకి ఒక్క 'మరొకరు'తో సరిపెడతారా? పాపం ఏం చేశాడు?" అని తిరిగొచ్చింది. రెండోసారి, కింద ఉన్న పన్నెండును పదకొండు చేద్దామని చూశాడు. "మనిషిని తీసేస్తారా?" అని తిరిగొచ్చింది. అప్పట్నించి రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని ఆరేళ్లు గడిపాడు. నిమ్మకాయను చెప్పినవాడికి, తలుపును చెప్పినవాడికి, తన దగ్గరికి వచ్చేసరికి మాట పెగల్లేదు.

ఇవాళ ఆయన పైకి చేరి, కుర్చీలో కూర్చుని ఇంకా హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. ఫొటోలో ఆవలించిన కుర్రవాడు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు కుర్రవాడు కాదు, సైట్లు విడుదల చెయ్యడం, పాతవాటికి తాళం వెయ్యడం అతని చేతిలో ఉంది. అందుకని తాళం అంటారు.

"సార్, పాత సైటు మీద ముప్పై ఏడు టికెట్లున్నాయి. ముప్పై ఆరింటికి సరే వచ్చేసింది. ఒక్కటి మిగిలింది."

"తెలుసు."

"ఆరేళ్లయింది సార్. ఈలోగా నాకు పెళ్లయింది, పిల్ల పుట్టింది, అది బడికి కూడా పోతోంది."

"నేనేం ఆపలేదే."

తాళం నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొత్త సైటు ఆ సాయంత్రం నాలుగింటికి వస్తుంది, ఆ సంగతి టికెట్టు మీద కూడా రాసిపెట్టారు. పాతదాన్ని పారెయ్యరు, తెరిచి పెట్టినదాన్ని దాచడం వాళ్ల ఇంటావంటా లేదు. కానీ గడ్డకట్టించేస్తారు. నాలుగు దాటాక అందులో కామా కూడా కదలదు. ఎప్పటికీ అంతే.

"నాలుగింటిలోపు ఆవిడ సరే అనాలి. లేకపోతే నేను దాని మీద 'కుదరదు' అని ముద్ర కొట్టాలి. ఏదో ఒకటి కొట్టకపోతే తాళం పడదు."

"ఊఁ."

"పోనీ ఆవిడ పేరుతో మీరే సరే కొట్టెయ్యండి. నేను అటు తిరిగి నిలబడతాను."

"ఊరంతా చూసేదానికి నువ్వొక్కడివి అటు తిరిగితే ఏం లాభం?"

"ఆవిడకైతే కనపడదుగా," అని నాలిక కరుచుకున్నాడు తాళం.

"ఆవిడకే ముందు కనపడుతుంది," అన్నాడాయన.

తాళం వెళ్లిపోయాక ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. చెవుల మెత్తలు పొట్టు రాలిపోతే భార్య పాత దిండు గలేబు కత్తిరించి తొడుగులు కుట్టింది. గుడ్డ చాలక, ఎడమ చెవి మీద చిన్న పసుపుపచ్చ పూలు, కుడి చెవి మీద వట్టి తెలుపు. చిన్న పరీక్ష చేశాడు. ముద్ర పడితే ఎలా ఉంటుందో ఒక ఖాళీ పేజీలో రాసుకుని గొంతు చేత చదివించాడు. "టికెట్టు నాలుగు వందల పన్నెండు. పన్నెండో మనిషి ఎవరు? కుదరదు."

గొంతుకేం, అది ఏదైనా ఒకేలా చదువుతుంది. ఆయన దాన్ని మరోసారి విని, చెరిపేసి, పని మొదలుపెట్టాడు.

"కుడి చివర ఒక ఉద్యోగి." అందరూ ఉద్యోగులే. కొట్టేశాడు. "కుడి చివర ఒక మధ్యవయస్కుడు." లెక్క చూసుకుంటే మధ్యవయసు కావాలంటే నూట పదహారేళ్లు బతకాలి. కొట్టేశాడు. "కుడి చివర ఒక మామూలు మనిషి." దాని మీద వేలు ఆగిపోయింది.

ఆ మాట అంతకుముందు ఒకసారి వాడాడు. ఎనిమిదేళ్లప్పుడు. మేనత్తకు కళ్లు పోయాయి, ఆవిడకు రోజూ పేపరు చదివి వినిపించడం ఈయన వంతు. బొమ్మలు కూడా చెప్పాలి. చెప్పి చెప్పి విసుగుపుట్టి ఒకరోజు మంత్రిగారి పక్కన ఏనుగును నిలబెట్టాడు.

"మంత్రి నవ్వుతున్నాడా?" అంది అత్త.

"మంత్రి నవ్వట్లేదు. ఏనుగు నవ్వుతోంది."

అత్త చాలాసేపు ఆలోచించి, "అయితే నమ్మొచ్చు," అంది. తర్వాత అడిగింది, "ఒరేయ్, ఇంతమందిని చెబుతావు. నువ్వెలా ఉంటావురా?"

"మామూలుగా ఉంటానత్తా."

"మామూలంటే ఎలా ఉంటుందో నాకు గుర్తులేదురా," అంది ఆవిడ. వాడు ఆడుకోవడానికి పరిగెత్తాడు. ఆ తర్వాత ఆవిడ అడగలేదు, వాడు చెప్పలేదు. పెద్దయి అచ్చాఫీసులో పంతొమ్మిదేళ్లు ప్రూఫులు దిద్దాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఇక్కడికి అచ్చుతప్పులు చూడ్డానికి వచ్చాడు. ఎవరికీ అక్కర్లేని బొమ్మల పని తన బల్ల మీద పడితే, రోజు తిరిగేసరికి ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు.

మామూలును కొట్టేశాడు.

పదకొండింటికి మిల్లీమీటరు టీ కప్పుతో వచ్చి బల్ల అంచున ఆనుకుంది.

"ఏమ్మా, నువ్వు అన్నిటినీ కొలుస్తావు కదా. నేనెలా ఉంటాను?"

ఆమె ఒక కన్ను మూసి, దూరంనుంచి గోడకు పటం సరిగ్గా ఉందో లేదో చూసినట్టు చూసింది. "మీరు మార్జినండి."

"అంటే?"

"పేజీ చుట్టూ ఖాళీ వదులుతాం చూడండి. అది ఉన్నంతసేపూ ఎవరికీ కనపడదు. తీసేస్తే అక్షరాలన్నీ పోయి గోడకి గుద్దుకుంటాయి."

"పొగిడావా, తిట్టావా?"

"ఓ నాలుగు మిల్లీమీటర్లు పొగిడాను." ఆమె కప్పు ఎత్తుకుంది. "కానీ అది రాయకండి. ఆవిడ ఊరుకోదు."

ఊరుకోదు. మార్జినును గొంతు చదవదు కూడా.

ఒంటిగంటకి భార్య ఫోను చేసింది. డబ్బా తిన్నారా, మిగిల్చారా అన్నది అయ్యాక ఆయన గొంతు తగ్గించాడు.

"నన్ను ముప్పై ఒక్క ఏళ్ల నుంచి చూస్తున్నావు కదా. నేనెలా ఉంటానో ఒక్క వాక్యంలో చెప్పు."

"ఎందుకూ, తప్పిపోయారా ఏంటి?"

"ఇంకా లేదు."

"తప్పిపోయినవాళ్లకే కదండీ చెబుతారు. నీలం చొక్కా, కళ్లజోడు, చామనఛాయ, చెప్పిన మాట వినరు."

"చివరిది బొమ్మలో కనపడదు."

"నాకు కనపడుతోంది." అవతల గిన్నె ఏదో దించిన చప్పుడు. "మన పెళ్లి ఫొటోలో కూడా అంతే. నేను కెమెరా వైపు చూస్తున్నా, కెమెరా నావైపు చూస్తోంది. మీరేమో ఎటో చూస్తున్నారు. అడిగితే ఏమన్నారో గుర్తుందా? ఫొటో తీసేవాడి బూట్లు రెండూ రెండు రకాలని."

"నిజంగానే రెండు రకాలు."

"సరేలెండి. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూడుసార్లు తప్పించారు. మెట్లెక్కుతుంటే ఆగిపోతున్నారని పోయినవారం నాతో మీరే అన్నారు. తర్వాత అననే లేదంటారు."

"నాలుగు దాటనీ. వస్తా."

ఫోను పెట్టేసి, రెండింటికి ఒక వాక్యం రాశాడు. "కుడి చివర, మూడో మెట్టు మీద, నీలం చొక్కా, కళ్లజోడు ఉన్న ఒకాయన నిలబడి ఉన్నారు." అచ్చుతప్పు లేదు. అబద్ధం లేదు. పంపాడు.

తర్వాత నలభై నిమిషాలు ఆయన ఇంకో పదహారు బొమ్మలు చెప్పాడని తాళం చెబుతాడు. పదహారు కాదు, రెండే. రెండోది ఖాళీ కుండీ.

రెండూ నలభైకి జవాబు వచ్చింది. గొంతు చదివింది:

"అన్నగారూ, ఇలాంటి వాక్యం మీరు చొక్కాలు తగిలించుకునే కొయ్యకు కూడా రాయగలరు. మిగతావాళ్లు అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. ఒకమ్మాయి ఒంటికాలి మీద ఉంది, ఒకబ్బాయి ఆవలిస్తున్నాడు, లావుపాటాయన పొట్ట లోపలికి లాక్కుంటున్నాడు. ఆరేళ్లుగా వాళ్లు నాకు తెలిసినవాళ్లు. ఈయన ఏం చేస్తున్నాడు? నాలుగింటిదాకా ఇక్కడే కూర్చుంటాను. ఎక్కడికీ పోను."

ఏం చేస్తున్నాడు? ఏమీ చెయ్యట్లేదు. నిలబడ్డాడు. అందరూ నిలబడమన్నారు, నిలబడ్డాడు.

ఆయన సొరుగు తెరిచి మౌసును బయటికి తీశాడు. తీగ విప్పి బల్ల మీద పెడితే, రెండు బల్లల అవతల నుంచి మిల్లీమీటరు తలెత్తి చూసింది. ఆమె ఆ మౌసును చూడ్డం అదే మొదలు. ఫొటో అసలు ప్రతి ఇంకా భద్రంగా ఉంది, తలుపంత పెద్దది. తెరిచి, కుడి చివరకు జరిపి, పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

తన ముఖాన్ని ఆయన ఆరేళ్లలో ఒక్కసారి కూడా పెద్దది చేసి చూడలేదు. ఎవరో ఒకాయన. ఒళ్లు కెమెరా వైపుంది, తల మాత్రం ఎడమకి తిరిగి ఉంది. పెళ్లి ఫొటోలో లాగే. అందరూ కెమెరాను చూస్తుంటే ఇతను అందర్నీ చూస్తున్నాడు. పెదవులు కొంచెం విడి ఉన్నాయి, ఏదో గొణుగుతున్నట్టు. ఆయన మెల్లగా కిందికి జరిపాడు. నీలం చొక్కా. బొత్తాం. మోచెయ్యి. కుడి చెయ్యి తొడ పక్కన వేలాడుతోంది, అరచెయ్యి ముందుకు తిరిగి ఉంది. నాలుగు వేళ్లూ కొంచెం ముడిచి, బొటనవేలు వాటి మీద ఆనించి ఉంది.

ఇంకొంచెం పెద్దది చేశాడు.

ఇలా లెక్కపెట్టడం ఆయనకు అత్త నేర్పింది. బొటనవేలితో చూపుడువేలి కణుపులు మూడూ ముట్టుకో, తర్వాత నడిమివేలివి మూడు, ఉంగరం వేలివి మూడు, చిటికెనవేలివి మూడు. ఒక చేతికి పన్నెండు. కాగితం అక్కర్లేదు, కళ్లు అక్కర్లేదు. ఫొటోలో బొటనవేలు చిటికెనవేలి మీద ఉంది. మొదటి కణుపు మీద కాదు, చివరిదాని మీద కాదు. నడిమి కణుపు మీద.

పదకొండు.

కెమెరా పది అంకెలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆయనా అక్కడ నిలబడి, రేపు రాయబోయే వర్ణన కోసం, తెగిన చెప్పుదగ్గర్నుంచి మొదలుపెట్టి మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. పదకొండు అయ్యేసరికి కెమెరా కన్నుమూసింది. పన్నెండో కణుపు ముట్టుకోకుండా మిగిలిపోయింది.

"అదీ సంగతి," అని ఆయన పైకే అన్నాడు. దొంగ దొరికినంత సంబరంగా.

మూడున్నరకు రాయడం మొదలుపెడితే పది నిమిషాలు పట్టింది. నలభై వేల బొమ్మలు చెప్పిన చెయ్యి కాబట్టి పదే పట్టింది. "పదకొండు మంది" అన్నచోట "పన్నెండు మంది" అని దిద్దాడు. చివరన ఇలా చేర్చాడు:

"కుడి అంచున, మూడో మెట్టు మీద, నీలం చొక్కాలో ఒకాయన. కెమెరా వైపు చూడడం లేదు; మిగతావాళ్లను వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. బొటనవేలు పదకొండో కణుపు మీద ఉంది. తనను లెక్క వేసుకోవడం మరిచిపోయాడు."

పంపి, హెడ్‌ఫోన్లు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూడూ నలభై అయిదు. తాళం వచ్చి వెనక నిలబడ్డాడు, వాచీ వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతూ. మిల్లీమీటరు వచ్చి ఇంకోపక్క నిలబడింది. తర్వాత ఇంకెవరో, ఇంకెవరో. లావుపాటాయన అలవాటు కొద్దీ పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఎక్కడో మెట్ల అవతల లిఫ్టు తలుపు తెరుచుకుని, ఎవరూ లేక మూసుకుంది.

"సార్, యాభై ఆరు," అన్నాడు తాళం నెమ్మదిగా.

"ఆవిడ చేతి మీద లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. తొందరపెట్టకు."

మూడూ యాభై ఎనిమిదికి గొంతు పలికింది. ఆయన హెడ్‌ఫోను తీగ ఊడబెరికాడు, అందరికీ వినపడేలా.

"అన్నగారూ, ఇప్పుడు కనపడ్డాడు. అది మీరేనని నాకు మొదటిరోజే తెలుసు. లెక్క పెడుతున్నవాడు కాకపోతే లెక్కలోంచి ఇంకెవరు తప్పిపోతారు? మీ చేత చెప్పించాలనే ఇన్నాళ్లు పట్టుబట్టాను. ఇప్పుడే నా చేతి మీద కూడా పెట్టి చూసుకున్నాను. పన్నెండో కణుపు నేను ముట్టుకున్నాను. సరే."

టికెట్టు మూతపడింది. తాళం ఒక్క గెంతులో తన బల్ల దగ్గరున్నాడు. నాలుగు కొట్టేసరికి పాత సైటు గడ్డకట్టింది. అందులో పన్నెండు మంది.

"ఇన్నేళ్లూ నా బొటనవేలి పట్టా మీద అందరూ నవ్వుతుంటే మీరు చెప్పలేదే," అంది మిల్లీమీటరు, "మీ బొటనవేలి కథ కూడా ఆ ఫొటోలోనే ఉందని."

"పెద్దది చేసి చూడలేదమ్మా," అన్నాడాయన.

తీగ మళ్లీ గుచ్చి, హెడ్‌ఫోన్లు కీబోర్డు పక్కన పెట్టాడు. పేజీ మూయడం మరిచిపోయాడు. పదకొండేళ్లలో అది మొదటిసారి. టిఫిన్ డబ్బా కూడా మరిచిపోయాడు. ఆ రోజు లిఫ్టులో దిగాడు. అందులో అద్దం ఉంది.

డాక్టరు గది ముందు బెంచీ మీద ఆయన, పక్కన భార్య. వాళ్లది ఏడో నంబరు, లోపల అయిదో నంబరు ఉంది. దారి పొడుగునా కిటికీ గారి సంగతి చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊఁ కొడుతూనే ఉంది. ఎదురుగోడ మీద మనిషి లోపలి ఎముకలు చూపించే పటం ఒకటి వేలాడుతోంది.

"చూడు," అన్నాడు, "ఇంతమంది రోగుల్లో ఎవరూ నవ్వట్లేదు. ఆ ఎముకలవాడు నవ్వుతున్నాడు."

ఆమె చూసి నవ్వింది. పటం వైపు చూస్తూ కాసేపు నవ్వుకుంది. ఆయన ఆమె భుజానికి కొంచెం ఒరిగాడు. అలిసిపోయారనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. ఏడో నంబరని పిలిచారు. ఆయన లేవలేదు.

వారం పోయాక ఆమె ఆఫీసుకొచ్చింది, డబ్బా తీసుకుపోవడానికి. లిఫ్టు ఉందని చెప్పినా మెట్లెక్కే వచ్చింది. నలభై ఒకటో మెట్టు దగ్గర మరక చూసిందట. ఒంటె కాదు, కుక్కపిల్ల అంది. బల్ల దగ్గర డబ్బా అందుకోబోతే కొంగు కీబోర్డుకు తగిలింది. తెర వెలిగింది, హెడ్‌ఫోన్లలోంచి చీమంత గొంతు ఏదో గొణిగింది.

"ఏమంటోందిది?"

మిల్లీమీటరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టి, కిందికి బాణం ఉన్న మీట నొక్కింది. ఆమె కళ్లు మూసుకుని మొదట్నుంచీ విన్నది. ఒంటికాలి పిల్లను విన్నది, ఆవలించేవాణ్ణి విన్నది. చివరిదాకా విని, తీసి, పూలున్న వైపు మెత్తను ఒకసారి బొటనవేలితో నొక్కి చూసింది. కుట్టు గట్టిగానే ఉంది.

"చెప్పిన మాట వినరన్నది రాయనేలేదు," అంది.

డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. ఆ కంప్యూటరుకి తాళం ఇంతవరకు తాళం వెయ్యలేదు. ఆ బల్ల ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వమని ఎవరూ అడగలేదు. పొద్దున్నే బల్లలు తుడిచే ఆమె బట్ట కీబోర్డుకు తగిలినప్పుడల్లా తెర వెలుగుతుంది. ఒక చెవికి పసుపుపచ్చ పూలు, ఒక చెవికి వట్టి తెలుపు ఉన్న ఆ హెడ్‌ఫోన్లు, బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నచోటు నుంచే, పన్నెండు మంది అని మొదలుపెడతాయి.